గూగుల్ ప్రకటనలో మాటల ఎంపిక - మామిడి రైతుకు మెళకువలు

కాయ మండీకి తోలితే కమీషను, తరుగు, హమాలీ పోను చేతికొచ్చేదెంతో మామిడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈమధ్య కొందరు రైతులు తోట దగ్గరే పండ్లు మాగేసి, పెట్టెల్లో సర్ది, పట్నంలో తినేవారికే నేరుగా పంపుతున్నారు. తెలిసినవాళ్లు నాలుగు పెట్టెలు కొంటారు. మిగతా పండ్లకు కొత్తవాళ్లను వెతుక్కోవాలి. దానికి గూగుల్‌లో ప్రకటన ఇవ్వడం ఒక మార్గం. అయితే మాటల ఎంపిక తెలియకుండా దిగితే పండ్లు అమ్ముడవకముందే డబ్బు అయిపోతుంది.

నొక్కితేనే ఖర్చు

ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు మన ప్రకటన కనబడుతుంది. చూసి ఊరుకుంటే మనకు ఖర్చు లేదు. దానిమీద నొక్కితే (క్లిక్ చేస్తే) మాత్రం డబ్బు పడుతుంది. నొక్కినవారు పండ్లు కొన్నా, కొనకపోయినా అంతే.

ఉదాహరణకు ఒక క్లిక్కుకు 5 రూపాయలు, పెట్టెకు అన్ని ఖర్చులూ పోను మిగిలేది 100 రూపాయలు అనుకుందాం. 10 మంది నొక్కితే ఒకరు కొన్నారంటే ప్రకటన ఖర్చు 50, మనకు మిగిలేది 50. అదే 20 మందిలో ఒకరే కొంటే ఆ 100 రూపాయలూ ప్రకటనకే సరి. 30 మందిలో ఒకరైతే చేతినుంచి 50 పెట్టుకోవాలి. కాబట్టి ఎంతమంది నొక్కారన్నది కాదు, కొనే ఉద్దేశం ఉన్నవారు ఎంతమంది నొక్కారన్నదే చూడాలి.

మూడు పద్ధతులు

ఏ మాట వెతికితే మన ప్రకటన కనబడాలో మనమే రాసి ఇస్తాం. దీన్ని కీవర్డ్ అంటారు. దాన్ని మూడు రకాలుగా ఇవ్వవచ్చు.

1. బ్రాడ్ మ్యాచ్: ఏ గుర్తూ లేకుండా బంగినపల్లి మామిడి పండ్లు అని రాస్తే ఇదే వర్తిస్తుంది. చేనంతా నీళ్లు వదిలేసినట్టన్నమాట. దానికి సంబంధం ఉందని గూగుల్ అనుకున్న వెతుకులాటలన్నిటికీ ప్రకటన కనబడవచ్చు. మామిడి అంట్లు కావాలన్నవారు, మామిడి జ్యూస్ కోసం చూసేవారు కూడా నొక్కవచ్చు. ఎవరు కొన్నారో గూగుల్‌కు లెక్క అందే ఏర్పాటు ఉన్న పెద్ద అమ్మకందారుకు ఇది పనికొస్తుంది. ఫోనులో ఆర్డర్లు రాసుకునే మనకు మొదట్లోనే ఇది వద్దు.

2. ఫ్రేజ్ మ్యాచ్: "బంగినపల్లి మామిడి పండ్లు" అని కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. బోదెల్లో నీరు పెట్టినట్టు. ఆ అర్థం ఉండి, ముందో వెనకో ఇంకో మాట చేరినా కనబడుతుంది. 'బంగినపల్లి మామిడి పండ్లు హైదరాబాద్ డెలివరీ' అని వెతికినవారు దొరుకుతారు.

3. ఎగ్జాక్ట్ మ్యాచ్: [బంగినపల్లి మామిడి పండ్లు ఆర్డర్] అని చదరపు బ్రాకెట్లలో రాయాలి. డ్రిప్పు పెట్టినట్టు. అదే మాటకు, లేదా అదే అర్థం వచ్చే మాటకు మాత్రమే కనబడుతుంది. చూసేవారు తక్కువ, వృథా కూడా తక్కువే.

చిన్న రైతులు ఎగ్జాక్ట్, ఫ్రేజ్ రకాలతో మొదలుపెట్టడం మేలు. ఎగ్జాక్ట్‌లో అసలు కదలిక లేకుంటే ఆ మాటనే ఫ్రేజ్‌లోకి మార్చి చూడండి. పాత వీడియోల్లో మాట ముందు ప్లస్ గుర్తు పెట్టమని చెబుతుంటారు. ఆ పద్ధతిని గూగుల్ 2021లో తీసేసింది.

కలుపు తీయడం మరవద్దు

ఏ మాటలకు ప్రకటన కనబడకూడదో కూడా రాసి ఇవ్వవచ్చు. వీటిని నెగటివ్ కీవర్డ్స్ అంటారు. పండ్లు అమ్మే రైతు మొక్క, మొక్కలు, అంట్లు, నర్సరీ, పచ్చడి, జ్యూస్, తెగులు, ఫొటో లాంటివి ఇందులో చేర్చుకోవాలి. మొక్క అని రాస్తే మొక్కలు దానంతటదే ఆగదు, రెండూ విడివిడిగా రాయాలి. 'ధర' అనే మాటను మాత్రం ఆపవద్దు. కొనేవారూ ధర అడుగుతారు కదా! 'మార్కెట్ ధర' అని కొటేషన్లలో పెట్టి ఆపితే చాలు.

ప్రకటన మొదలైన వారం రోజులు ప్రతి సాయంత్రం 'సెర్చ్ టర్మ్స్' పట్టిక చూడండి. జనం ఏం వెతికి మన ప్రకటన నొక్కారో చాలావరకు అందులో తెలుస్తుంది. పనికిరాని మాట కనబడితే వెంటనే పీకేయాలి. ఆలస్యమైతే కలుపే ఎరువు తినేస్తుంది.

మరికొన్ని జాగ్రత్తలు

* ఖాతా తెరిచేటప్పుడు స్మార్ట్ క్యాంపెయిన్ ఎంచుకుంటే ఈ మూడు పద్ధతులూ కనబడవు. సెర్చ్ క్యాంపెయిన్ ఎంచుకోవాలి.

* చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. కీవర్డ్‌లూ, ఆపాల్సిన మాటలూ రెండు విధాలా రాయాలి.

* పండ్లు పంపగలిగే ఊళ్లనే ఎంచుకోవాలి. అందులోనూ ఆ ఊళ్లో ఉన్నవారికే కనబడేట్టు పెట్టాలి. లేకపోతే ఆ ఊరిమీద ఆసక్తి చూపిన వేరేచోటి వారికీ కనబడుతుంది.

* రోజుకు 100 రూపాయలు పెట్టినా ఒక్కోరోజు 200 దాకా ఖర్చు కావచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజు మొత్తానికి 30.4 రెట్లు, అంటే 3,040 రూపాయలు దాటదు.

* ఆర్డర్ చేసిన ప్రతివారినీ 'మా సంగతి ఎలా తెలిసింది?' అని అడిగి పుస్తకంలో రాసుకోవాలి. పెట్టెకు ఎన్ని క్లిక్కులు పడ్డాయో ఈ లెక్క లేకుండా తేలదు.

* కోత అయిపోయిన రోజే ప్రకటన ఆపేయండి. తోటలో కాయ లేకపోయినా క్లిక్కుకు డబ్బు పడుతూనే ఉంటుంది.

అరెకరం తోట ఉండి, పండ్లన్నీ తెలిసినవారికే అమ్ముడైపోయే రైతుకు ఈ ప్రకటనతో పనిలేదు. మిగిలినవారు కూడా ముందు తాము పోయినా భరించగల కొద్ది మొత్తంతో, రెండు మూడు మాటలతో వారం రోజులు చూసి, పుస్తకంలో లెక్క కట్టుకుని, లాభం కనబడితేనే పెంచుకోవాలి. విత్తనం మొలక శాతం చూసుకోకుండా చేనంతా చల్లం కదా. ఇదీ అంతే.