నాలుగు రంగుల బొంత

రంగులు పెరిగిన కొద్దీ అందం పెరుగుతుందని మనం సామాన్యంగా భావిస్తాం. మచిలీపట్నం, పెడన కలంకారీ ఈ భావనను ఖండిస్తుంది. పేరు పారసీకం ద్వారా వచ్చింది. పనితనం కృష్ణాతీరపు చేతులది.

సంప్రదాయ కలంకారీకి ఆధారం నలుపు, ఎరుపు, నీలం, పసుపు. కరక్కాయ రసంలో నానిన నూలుగుడ్డపై, బెల్లపు నీటిలో ఇనుము పులిసిన ద్రవంతో అచ్చు వేస్తే నలుపు తేలుతుంది. పటిక అచ్చు వేసిన చోట చిరివేరుతో ఉడికించినప్పుడు ఎరుపు పుడుతుంది. నీలిమందు నీలాన్ని, దానిమ్మ తొక్క పసుపును ఇస్తాయి. రెండూ కలిసిన చోట ఆకుపచ్చ. ఇట్టి కోరమాండల్ తీరపు అద్దకాల పోటీకి వెరచి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో నిషేధాలు విధించాయి.

ఈ గుడ్డల ముక్కలతో బొంత కూర్చేటప్పుడు మనం పాటించవలసిన క్రమం ఇది. రంగు దిగకుండా ప్రతి ముక్కనూ ముందుగా ఉతకాలి. ముక్కలను రంగును బట్టి కాక ముదురు, నడిమి, లేత అని వేరుచేయాలి. ముదురువి అంచులకు, ఎరుపు నడుమకు, లేతవి వాటి మధ్యకు పరచి, కన్నులు సగం మూసి చూడాలి. ఎక్కడైనా వెలితి తోస్తే ఐదవ రంగును తేరాదు. ఉన్న ముక్క స్థానాన్ని మార్చాలి. కూర్పు కుదిరిన పిదప అడుగున పాత చీరల మడతలు వేసి, దగ్గర దగ్గరగా కుట్టాలి.

ఖర్చుకు వెరచి చేతిపనిని విడిచే విద్యార్థినులు మన కళాశాలల్లో ఎందరో ఉన్నారు. వారికి ముందుగా కావలసింది ధనం కాదు, ఎంపికలో నిగ్రహం.