గ్లిసరాల్ ఆక్సీకరణం: ప్లాటినం చేసే పని రాగి, నికెల్ చేయగలవా?

భిలాయ్ అనగానే బ్లాస్ట్ ఫర్నేసులు, రైలు పట్టాలు గుర్తొస్తాయి. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. దల్లీ-రాజహరా గనుల ఇనుప ఖనిజమే దానికి ఆధారం. ఇనుము, నికెల్, రాగి, కోబాల్ట్, మాంగనీస్ వంటి సామాన్య లోహాలకు రసాయన పరిశ్రమలో ఇప్పుడు మరో పని అప్పగించే ప్రయత్నం జరుగుతోంది. అదే గ్లిసరాల్‌ను విలువైన పదార్థాలుగా మార్చడం.

గ్లిసరాల్ ఎక్కడి నుంచి వస్తుంది?

నూనెను మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్ తయారవుతుంది. ప్రతి 10 కిలోల బయోడీజిల్‌తో పాటు సుమారు కిలో గ్లిసరాల్ మిగులుతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో జీవ ఇంధన అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసి అడవి ఆముదం సాగును ప్రోత్సహించింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని సూచించింది. బయోడీజిల్ పెరిగితే గ్లిసరాల్ కూడా పెరుగుతుంది. సబ్బులు, మందులు, సౌందర్య సాధనాలకు కావాల్సిన దానికన్నా ఎక్కువైతే దాని ధర పడిపోతుంది.

అసలు చిక్కు ఎంపికలోనే

గ్లిసరాల్ అణువులో మూడు కార్బన్లు, ఒక్కోదానికి ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. మధ్య సమూహం ఆక్సీకరణం చెందితే డైహైడ్రాక్సీఅసిటోన్ వస్తుంది. ఎండ తగలకుండానే చర్మానికి గోధుమ రంగునిచ్చే క్రీముల్లో దీన్ని వాడతారు. చివరి సమూహం ఆక్సీకరణం చెందితే గ్లిసరాల్డిహైడ్, ఆపై గ్లిసరిక్ ఆమ్లం వస్తాయి. కార్బన్ల మధ్య బంధాలే తెగితే ఫార్మిక్ ఆమ్లం మిగులుతుంది. అదుపు తప్పితే అంతా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది.

అందుకే ఉత్ప్రేరకానికి వేగం ఒక్కటే చాలదు. ఉదాహరణకు 100 అణువుల్లో 80 చర్యలో పాల్గొని, వాటిలో 60 మాత్రమే కోరుకున్న పదార్థంగా మారాయనుకుందాం. అప్పుడు మార్పిడి 80 శాతం, ఎంపిక సామర్థ్యం 75 శాతం.

సామాన్య లోహాల బలం, బలహీనత

ఈ పనికి ప్లాటినం, పల్లాడియం, బంగారం బాగా పనికొస్తాయి. కానీ అవి ఖరీదైనవి. పైగా చర్యలో పుట్టే పదార్థాలు ప్లాటినం ఉపరితలానికి అంటుకుని దాని చురుకుదనాన్ని తగ్గిస్తాయి.

నికెల్ పనిచేసే తీరు వేరు. క్షార ద్రావణంలో విద్యుత్ పీడనం ఇస్తే నికెల్ హైడ్రాక్సైడ్ పొర ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అది గ్లిసరాల్ నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని తిరిగి హైడ్రాక్సైడ్ అవుతుంది. విద్యుత్తు దాన్ని మళ్లీ సిద్ధం చేస్తుంది. ఈ మార్గంలో ఎక్కువగా ఫార్మిక్ ఆమ్లం లవణమే వస్తుంది. రాగి ఆక్సైడ్‌తో, క్షారత తక్కువగా ఉన్నచోట, డైహైడ్రాక్సీఅసిటోన్ వైపు మొగ్గు చూపించవచ్చు.

ఇక్కడే పెద్ద ఇరకాటం ఉంది. ఆమ్లంలో ఈ లోహాలు కరిగిపోతాయి. గాఢ క్షారంలో లోహాలు నిలుస్తాయి కానీ డైహైడ్రాక్సీఅసిటోన్ నిలవదు. లోహాన్ని, ఉత్పత్తిని రెండింటినీ కాపాడే పరిస్థితులను కనుక్కోవడమే పరిశోధకుల ముందున్న సవాలు.

హైడ్రోజన్ మాటేమిటి?

నీటిని విడగొట్టడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు కావాలి. ఆక్సిజన్‌ను విడుదల చేసే బదులు గ్లిసరాల్‌ను ఆక్సీకరిస్తే అంతకన్నా తక్కువ చాలు. రెండో ఎలక్ట్రోడ్ దగ్గర హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది.

అయితే ఆ హైడ్రోజన్‌తో ఉక్కు తయారు చేయవచ్చా? కిలో గ్లిసరాల్ పూర్తిగా ఫార్మిక్ ఆమ్లంగా మారితే దక్కే హైడ్రోజన్ సుమారు 88 గ్రాములు. హెమటైట్ నుంచి టన్ను ఇనుము తీయడానికి కనీసం 54 కిలోల హైడ్రోజన్ కావాలి. అంటే 600 కిలోలకు పైగా గ్లిసరాల్ ఖర్చవుతుంది. కాబట్టి భిలాయ్ లాంటి కర్మాగారానికి ఇది ఇంధన మార్గం కాదు. దీని లాభం మిగులు పదార్థం నుంచి విలువైన రసాయనాలు రాబట్టడంలో ఉంది, హైడ్రోజన్ అదనపు రాబడి మాత్రమే. ఆ లాభం నిలవాలంటే ఉత్ప్రేరకం చౌకగా ఉండటంతో పాటు, కరిగిపోకుండా ఎక్కువకాలం పనిచేయాలి.