ఓడ మీద భోజనము, ఓడ మీద నడక



మన ఊళ్లనుండి ఓడ ఎక్కినవారు పూర్వము లేకపోలేదు. విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి మన తాతల కాలపు కూలివారు వేల సంఖ్యగా రంగూనుకు పోయిరి. వారికి ఓడ అనగా కూలి దొరకు చోటికి పోవు దారి, అంతకు మించి ఏమియు కాదు. ఇప్పుడు వేరు విధమైన ఓడ ప్రయాణము మన కుటుంబములలోనికి వచ్చుచున్నది. అమెరికాలోను సింగపూరులోను ఉద్యోగములు చేయుచున్న పిల్లలు, తల్లిదండ్రులు తమ వద్దకు వచ్చినప్పుడు వారిని ‘క్రూజు’ అను విహార ఓడ ఎక్కించుచున్నారు. మన తీరమునకు కూడ అది వచ్చినది. 2022 జూన్ నెలలో ‘ఎంప్రెస్’ అను విహార ఓడ విశాఖపట్నమునకు వచ్చి ప్రయాణికులను ఎక్కించుకొనినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవునందు అట్టి ఓడలకొరకే కట్టిన టెర్మినలు ప్రారంభమైనది.

కాబట్టి ఆ ఓడ మీద ఎట్లు తినవలెనో, ఒళ్లు ఎట్లు కదల్చవలెనో ఈ నెల వ్రాయుచున్నాను. ఇదియు ఒక పాఠమేనా అని కొందరు నవ్వవచ్చును. సుగరు, బి.పి. ఉన్న 60 ఏండ్ల మనిషికి 7 దినముల విచ్చలవిడి భోజనము నవ్వులాట కాదు.

మొదట ఆ ఓడ సంగతి తెలిసికొనవలెను. అది ఒక చోటునుండి మరియొక చోటికి చేర్చు వాహనము మాత్రమే కాదు. అదియే ఒక ఊరు. అమెరికాలోని మయామి రేవునుండి కరీబియను దీవులకు పోవు ఓడలు తరచుగా 7 రాత్రుల ప్రయాణము చేయును. 2024 జనవరిలో అక్కడనుండి తిరుగుట మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అను ఓడ పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. నిండుగా ఎక్కిన యెడల 7,600 మంది ప్రయాణికులు పట్టుదురు. మన పల్లెలు రెండు మూడు కలిపినను అంతమంది ఉండరు. అట్టి ఓడలో తెల్లవారినది మొదలు రాత్రి ప్రొద్దుపోవువరకు ఎక్కడో ఒకచోట తిండి దొరకుచునే యుండును. ఉదయపు బఫే ముగియకముందే మధ్యాహ్నపు బఫేకు ఏర్పాటులు జరుగును. ఒకవైపు రొట్టెలు, ఒకవైపు మాంసములు, ఒకవైపు కేకులు, ఐస్‌క్రీములు. పెద్ద భోజనశాలలోను బఫేలోను తినుదానికి టికెట్టులోనే సొమ్ము చేరియుండును. ఎన్నిసార్లు తిన్నను ఎవరును అడుగరు. మద్యము, సీసాల కూల్‌డ్రింకులు, కొన్ని ప్రత్యేక హోటళ్లు మాత్రము సాధారణముగా వేరు ఖరీదు.

చిక్కు అంతయు ఇక్కడనే ఉన్నది. “తినమ్మా, డబ్బులు ఎలాగూ కట్టేశాం” అని పిల్లలు అందురు. తండ్రికిని అదే తోచును. లక్షలు పోసి టికెట్టు కొన్నారు గనుక, ఆ సొమ్ము ఎంతో కొంత కడుపుద్వారా రాబట్టవలెనని ఒక పళ్లెము తిన్నవాడు రెండవ పళ్లెమునకు లేచును. కొంచెము లెక్క వేసి చూడుడి. మీరు ఇడ్లీయంత తిన్నను, ఏనుగంత తిన్నను టికెట్టు ఖరీదు ఒక్కటే. ఎక్కువ తినిన యెడల ఓడవారు ఒక్క రూపాయి తిరిగి ఇయ్యరు. కట్టిన సొమ్ము కట్టిన దినముననే పోయినది. ఇక మిగిలినది మీ ఒంటి లెక్క మాత్రమే. ఆ లెక్క వేరొక పుస్తకములో ఎక్కుచుండును. దానిని ఇంటికి వచ్చిన తరువాత రక్తపరీక్ష కాగితములో చదువుకొనవలసి వచ్చును.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఓడను జ్ఞాపకము చేసికొనుడి. అది అలెక్సంద్రియ ఓడ, ఇటలీకి పోవుచుండెను, గోధుమలు దానిలో ఉండెను. తుపానులో 14 దినములు సరిగా భోజనములేక యున్న 276 మందిని పౌలు భోజనము చేయుమని బ్రతిమాలెను. తినుట మీ ప్రాణరక్షణకు అవసరమని కారణము చెప్పెను. వారు తృప్తిగా తినిరి. ఆ తరువాత వారు చేసిన పనిని మనము తొందరగా చదివి దాటిపోవుదుము: మిగిలిన గోధుమలను సముద్రములో పారబోసి ఓడను తేలిక చేసిరి. అవి ఖరీదైన సరకే గదా. అయినను ఖరీదు పెట్టితిమని ఎవడును వాటిని పట్టుకొని కూర్చుండలేదు. చాలినంత తినిరి, చాలినదానికి మించినది ఆ వేళ బరువని తెలిసికొనిరి.

మనవారికి మరి రెండు అలవాటులు అడ్డు వచ్చును. ఒకటి, కష్టపడినవాని ఆకలి. సేద్యము చేసినవాడు దమ్ములోను కోతలలోను దినమంతయు పనిచేసి కుండెడు అన్నము తిన్నను అది అరిగిపోయెను. అదే మనిషి ఓడలో కుర్చీలో కూర్చుండి సముద్రము చూచుచు అంతే తినును. ఆకలి అలవాటుచేత వచ్చును గాని, పని మాత్రము లేదు. రెండవది, అన్నము పారవేయరాదను మంచి గుణము. మన యిండ్లలో అది బహు గౌరవమైన గుణమే. కాని బఫేలో వడ్డించువారు మనమే. ఆశకొద్ది పళ్లెము నింపుకొని, పారవేయకూడదని కష్టముమీద మ్రింగుట ఆ గుణమును కాపాడుట కాదు. కొంచెము పెట్టుకొనిన యెడల పారవేయనక్కరలేదు, మ్రింగనక్కరలేదు. చాలనియెడల మరల వెళ్లవచ్చును. అక్కడ తిండి అయిపోవునను భయము లేదు. పెండ్లి బంతిలో చివర కూర్చుండినవానికి ఉండు ఆ భయమును ఓడ మెట్లవద్దనే విడిచిపెట్టవలెను.

బఫేకు పోయినప్పుడు మొదట పళ్లెము పట్టుకొనకుడి. చేతులు కట్టుకొని ఒక చుట్టు తిరిగి ఏమేమి ఉన్నవో చూడుడి. తరువాత చిన్న పళ్లెము తీసికొని, సగము కూరగాయలతోను పచ్చికూరల ముక్కలతోను నింపుడి. మిగిలిన సగములో ఒక భాగము చేప, కోడి, పప్పు వంటివి. ఇంకొక భాగము అన్నమో రొట్టెయో. నూనెలో వేచినవాటికంటె కాల్చినవి, ఉడికించినవి మేలు. తినుటకు కూర్చున్నప్పుడు ఆ వరుసలకు వీపు త్రిప్పి దూరముగా కూర్చుండుడి. కంటి ఎదుట ఉన్నది చేతిని పిలుచును. మెల్లగా నమలుడి. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరుటకు సుమారు 20 నిమిషములు పట్టునందురు. ఆ 20 నిమిషములలోనే రెండవ పళ్లెము, మూడవ పళ్లెము లోపలికి పోవుచున్నవి.

రాత్రివేళ బఫేకంటె పెద్ద భోజనశాల నయము. అక్కడ మనిషి వచ్చి అడిగి తెచ్చును, కొలతగా వడ్డింతురు, ఒకదానికి మరియొకదానికి నడుమ ఆలస్యముండును. ఆ ఆలస్యమే మనకు మేలు చేయును. చాల ఓడలలో సాయంకాలపు పంక్తి ఒకటి, రాత్రి 8 గంటల ప్రాంతమున మరియొకటి ఉండును. ప్రొద్దు క్రుంకగానే తినుటకు అలవాటుపడిన మనవారు ముందు పంక్తినే కోరుకొనవలెను. టికెట్టు తీయునప్పుడే పిల్లలతో చెప్పిన యెడల దొరకును. తీపి పదార్థము తెచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకటి పంచుకొనుడి. ఓడ పనివారిలో భారతీయులు, ఫిలిప్పీనులు, ఇండోనేషియావారు చాలమంది ఉందురు. కావున మొగమాటపడక పెరుగన్నము, పప్పు, ఉప్పు తక్కువ వేసిన కూర అడిగి చూడుడి. పెద్ద ఓడలలో అనేకసార్లు దొరకును. ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. సూపులలోను, ఎండబెట్టిన మాంసములలోను, చీజులోను ఉప్పు మెండు. అది నాలుకకు అంతగా తెలియదు. ఊరగాయ వేసికొనక పోయినను ఉప్పు ఎక్కువే తినియుందుము.

త్రాగునది గూర్చి ఒక్క మాట. ఎండలో డెక్కు మీద దాహమైనప్పుడు నీళ్లే త్రాగుడి. ఉచితముగా దొరకునని పండ్ల రసములు గ్లాసు తరువాత గ్లాసు త్రాగుట సుగరువారికి కేకు తినుటతో సమానమే. పండు పేరు చూచి మోసపోకుడి.

ఇక ఒళ్లు కదల్చుట. ఓడలో చోటు లేదనుకొనకుడి. 1912లో మునిగిన టైటానిక్ ఓడలోనే వ్యాయామశాల ఉండెను; దానిలో కరెంటుతో ఊగు ఒంటె ఒకటి కూడ ఉండెనట! ధనవంతులు ఒంటెనెక్కి సముద్రము దాటగోరుట విచిత్రమే. ఇప్పటి ఓడలలో యంత్రములతో నిండిన పెద్ద గదులు ఉన్నవి గాని మనవారికి వాటి అవసరము లేదు, నడక చాలును. అనేక ఓడలలో డెక్కు చుట్టు నడచుటకు దారి ఉండి, ఎన్ని చుట్లు తిరిగిన ఒక మైలు అగునో ప్రక్కన పలక మీద వ్రాసియుండును. తెల్లవారుజామున అది ఖాళీగా ఉండును, గాలి చల్లగా ఉండును. పొలమునకు పోవు వేళకు లేచు అలవాటు మనకు అక్కడ అక్కరకు వచ్చును. వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడవవలెనని పెద్దలందరికిని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 7 దినములకు పంచిన యెడల దినమునకు 22 నిమిషములు కూడ కాదు. మోకాళ్లు బాగున్నవారు లిఫ్టు మాని మెట్లు ఎక్కుడి. మూడు నాలుగు అంతస్తులకు లిఫ్టుకొరకు నిలిచియుండు కాలములో మెట్లు ఎక్కి చేరవచ్చును. మోకాళ్లు నొప్పిగలవారు దిగుట మాత్రము లిఫ్టులోనే దిగుట మంచిది, ఎక్కుటకంటె దిగుటయే కీళ్లకు భారము.

అయితే నడచితిని గనుక తినవచ్చుననుకొనకుడి. 60 కిలోల మనిషి గంటసేపు చురుకుగా నడచిన యెడల సుమారు 200 మొదలు 250 కెలోరీలు ఖర్చగును. వెన్న, మీగడ వేసిన పెద్ద కేకు ముక్క ఒక్కటి దానిని మించిపోవచ్చును. ముక్క తినుటకు ఐదు నిమిషములు, కరిగించుటకు గంట. నడక గుండెకు, రక్తములోని చక్కెరకు, నిద్రకు మేలు చేయును. నోటికి మాత్రము అది కావలి కాయదు.

కాలికి పట్టు ఉన్న బూట్లు ఉండవలెను. తడి డెక్కు మీద హవాయి చెప్పులు జారును. చీర కుచ్చెళ్లు కాలికి తగులును. సముద్రము పొంగినప్పుడు నడక మానుకొని, లోపల తిరుగునప్పుడు కమ్మి పట్టుకొని నడువుడి. కడుపు త్రిప్పుచున్నప్పుడు ఖాళీ కడుపును, నిండు కడుపును రెండును చెరుపే. రెండు పొడి బిస్కత్తులు, కొంచెము అల్లము తీసికొని, ఓడ నడిమి భాగమున కూర్చుండి దూరమున ఆకాశము నీటిని కలియు గీతను చూచుచుండిన తేలికపడును.

సుగరు జబ్బుకు ఇన్సులిను గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారికి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. ఎక్కువ తినుట ఒక అపాయము; ఓడ దిగి దీవిలో ఎండలో చాలసేపు తిరిగి, భోజనము ఆలస్యము చేయుట ఇంకొక అపాయము. చెమటలు పట్టి, చేతులు వణకి, తల తిరిగిన యెడల చక్కెర పడిపోయినదని తెలిసికొని వెంటనే గ్లూకోజు గాని చక్కెర గాని తీసికొనవలెను. అవి జేబులో ఉండవలెను గాని గదిలో కాదు. బఫేలోని పండ్లు, వండిన పదార్థములు తీరమునకు తీసికొనిపోవుటకు అనేక రేవులలో అనుమతి లేదు. సీలు తీయని బిస్కత్తు పొట్లములు సాధారణముగా ఒప్పుకొందురు. ఓడ గడియారమును దారిలో గంట ముందుకో వెనుకకో త్రిప్పుట కలదు. అట్టి దినమున మందు వేళలు ఎట్లు మార్చుకొనవలెనో బయలుదేరకముందే మీ డాక్టరును అడిగి కాగితముమీద వ్రాయించుకొనుడి. ఇన్సులినుకు చల్లని చోటు కావలెనని ఓడ ఎక్కగానే గది పనివానితో చెప్పుడి. ఓడమీద డాక్టరు ఉండును గాని ఆయన ఫీజు టికెట్టులో చేరదు, అది బహు ప్రియము.

చేతులు కడుగుకొనుట మరువకుడి. వేలమంది ఒకే గరిటెలు పట్టుకొను చోట నోరోవైరసు అను క్రిమి వాంతులు, విరేచనములు పుట్టించి ఓడలో వేగముగా వ్యాపించును. ద్వారమువద్ద చేతులకు పోయు సానిటైజరు దానిమీద అంతగా పనిచేయదు. సబ్బుతో నీళ్లతో బాగుగా రుద్ది కడుగుకొనవలెను, తినుటకు ముందును, మరుగుదొడ్డికి పోయిన తరువాతను.

కుమారులు, కుమార్తెలు అయిన మీకు ఒక మనవి. నాన్నగారు పళ్లెములో కొంచెమే పెట్టుకొనిన యెడల చిన్నబుచ్చుకొనకుడి, బలవంతము చేయకుడి. ఆయనతో కూడ తెల్లవారి డెక్కు మీద నాలుగు చుట్లు తిరుగుడి. తల్లిదండ్రులు ఇంటికి వచ్చి చెప్పుకొనునది ఎక్కువగా ఆ నడకలోని మాటలే; ఏ పూట ఏమి తినిరో వారికి జ్ఞాపకముండదు.

చివరగా మందుల సంచి గూర్చి. ఓడ ఎక్కు దినమున పెద్ద పెట్టెలను పనివారు తీసికొని కొన్ని గంటల తరువాత గదికి చేర్చుదురు. దిగుటకు ముందు రాత్రి కూడ పెట్టెలను తలుపు బయట పెట్టుమందురు, అవి మరునాడు ఒడ్డునగాని కనబడవు. కాబట్టి మాత్రలు, ఇన్సులిను, సూదులు, సుగరు చూచు మిషను, డాక్టరు చీటీ, మరునాడు తొడుగుకొను బూట్లు ఆ పెట్టెలో పెట్టక చేతిసంచిలోనే ఉంచుకొనుడి.