ముందు పళ్ళు లెక్కపెట్టండి

చాసిస్ వెల్డింగ్ అయిపోయింది. ఇంజిన్ బిగించేశారు. ఎక్కడో పాత సీటు కూడా దొరికింది. ఇక చుట్టూ చేరిన ఫ్రెండ్స్ అడిగే ప్రశ్న ఒక్కటే: "టాప్ స్పీడ్ ఎంతొస్తుంది మామా?"

జవాబు చెప్పకండి. ఇవాళ్టికి అస్సలు చెప్పకండి.

గో-కార్ట్‌కి క్లచ్, గేరింగ్ ఎంచుకునే దగ్గర బోల్తా పడేవాళ్ళకి లెక్కలు రాక కాదు. ఓపిక లేక. ఓపిక పుట్టుకతో వచ్చేది కాదు, అలవాటు. మీకూ వస్తుంది. నాకే వచ్చింది మరి!

కాలేజీ రోజుల్లో నా మొదటి కార్ట్. 6.5 హెచ్‌పీ ఇంజిన్, క్లచ్ స్ప్రాకెట్‌కి 10 పళ్ళు. "వెనక అరవై వేసుకో తమ్ముడూ" అన్నాడు మెకానిక్ అన్న. నేను నలభై చాలన్నాను. కాగితం మీద గంటకు 47 కిలోమీటర్లు ఊరిస్తుంటే అరవై ఎవడిక్కావాలి? గ్రౌండ్‌లో మా బ్యాచ్‌లోకెల్లా బొద్దుగా ఉండేవాడు ఎక్కాడు. బండి మూలుగుతూ కదిలింది. రెండో రౌండ్‌కల్లా మాడు వాసన. ఆపి చూస్తే క్లచ్ డ్రమ్ము నీలం తిరిగిపోయింది, పాత బుల్లెట్ సైలెన్సర్ బెండులాగా.

క్లచ్ తప్పేం లేదు. నా మోజే దాన్ని కాల్చింది.

క్లచ్ స్వభావం తెలుసుకోండి

తిరనాళ్ళలో గొలుసుల ఊయల ఎక్కారా? తిరిగే కొద్దీ కుర్చీలు బయటికి లేస్తాయి. సెంట్రిఫ్యూగల్ క్లచ్ లోపల జరిగేదీ అదే. వేగం పెరిగితే షూస్ స్ప్రింగుల పట్టు తప్పించుకుని బయటికొచ్చి డ్రమ్మును పట్టుకుంటాయి. మామూలు చిన్న ఇంజిన్లకి అమ్మే క్లచ్‌లు చాలావరకు 2,000 ఆర్పీఎం అటూ ఇటూగా పట్టు మొదలుపెట్టి, ఇంకొన్ని వందలు దాటాక గట్టిగా బిగుసుకుంటాయి. ఈ రెండింటి మధ్య షూస్ జారుతూ ఉంటాయి. గబుక్కున దాటేస్తే ఫరవాలేదు. అక్కడే కాపురం పెడితే కాలిపోతుంది. నా బండి చేసింది అదే. గేరింగ్ మరీ పొడుగు కావడంతో ఇంజిన్ పైకి లేవలేక, క్లచ్ బిగుసుకోలేక నలిగిపోయాయి.

రెండో దారి టార్క్ కన్వర్టర్. పేరు చూసి కంగారు పడకండి. మీ ఇంట్లో ఉన్న గేర్లెస్ స్కూటర్‌లో బెల్టు, రెండు పుల్లీలు ఉంటాయి కదా, ఇది దాని దగ్గరి చుట్టమే. బయల్దేరేటప్పుడు లో గేర్‌లాగా బలం ఇస్తుంది, వేగం పెరిగాక తనంతట తానే హై గేర్‌లోకి జారుకుంటుంది.

ఏది కొనాలి? మిమ్మల్ని మీరు నిజాయితీగా మూడు ప్రశ్నలు అడగండి.

1. ఎక్కడ నడుపుతాను? నున్నటి తారు, సిమెంటు మీదైతే సెంట్రిఫ్యూగల్ చాలు. ఖర్చు తక్కువ, బరువు తక్కువ. మట్టి, గడ్డి, ఎత్తుపల్లాలు ఉంటే టార్క్ కన్వర్టర్‌కే వెళ్ళండి.

2. ఎవరు నడుపుతారు? హెల్మెట్, బూట్లతో సహా తూకం వేయండి. సిగ్గుపడితే క్లచ్ మాడుతుంది.

3. నా కాలు ఎలాంటిది? యాక్సిలరేటర్ సగం నొక్కి మెల్లగా పాకించే అలవాటుంటే సెంట్రిఫ్యూగల్ మీకు పడదు. లేదా ఆ అలవాటు మార్చుకోండి. మారుతుంది!

సుద్దముక్కతో మొదలుపెట్టండి

ఇప్పుడు గేరింగ్. వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగించండి. 60ని 10తో భాగిస్తే 6. అంటే ఇంజిన్ ఆరుసార్లు తిరిగితే యాక్సిల్ ఒక్కసారి తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే పికప్, తగ్గితే టాప్ స్పీడ్. రెండూ ఒకేసారి కావాలనడం కుదరదు.

టైరు కొలత కేటలాగ్‌లో చూసి రాసుకోకండి. డ్రైవర్‌ని సీట్లో కూర్చోబెట్టండి. వెనక టైరు నేలను తాకేచోట సుద్దతో గీత గీయండి, నేల మీదా గీయండి. సరిగ్గా ఒక చుట్టు తోసి, టేపుతో కొలవండి. 11 అంగుళాల టైరుకి 88 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువుకి టైరు నొక్కుకుంటుంది.

గవర్నర్ ఉన్న ఇంజిన్ 3,600 ఆర్పీఎం దగ్గర ఆగుతుందనుకుందాం. 6తో భాగిస్తే యాక్సిల్ నిమిషానికి 600 చుట్లు. 0.88 మీటర్లతో గుణిస్తే 528 మీటర్లు. గంటకు దాదాపు 32 కిలోమీటర్లు. తక్కువనిపించిందా? నేలకి మూడు వేళ్ళ ఎత్తులో కూర్చుని వెళ్ళి చూడండి, తర్వాత మాట్లాడదాం.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ చేసిన తొలి కార్ట్ కూడా చిన్న ఇంజిన్‌తోనే నడిచింది. చిన్న బలంతో బతికే బండి కాబట్టి ప్రతి పన్నూ లెక్కే.

ఒకసారి ఒక్కటే మార్చండి

ఇది అన్నిటికంటే కష్టమైన అలవాటు. చేతులు దురదపెడతాయి. క్లచ్ స్ప్రింగు, స్ప్రాకెట్, టైరు గాలి, మూడూ ఒకే సాయంత్రం మార్చేయాలనిపిస్తుంది. వద్దు. ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, పళ్ళు, డ్రైవర్ బరువు, ల్యాప్ టైమ్. రోటాక్స్ మ్యాక్స్ లాంటి 125 సీసీ రేసింగ్ కార్ట్‌లలోనూ ఉండేది సెంట్రిఫ్యూగల్ క్లచ్చే. వాటిని నడిపేవాళ్ళు ట్రాక్ మారితే వెనక స్ప్రాకెట్ మారుస్తారు. మీరూ అలాగే చూడండి. స్ట్రెయిట్ సగంలోనే ఇంజిన్ పూర్తి ఆర్పీఎంకి చేరి ఇక పెరగనంటే వెనక పళ్ళు తగ్గించండి. స్ట్రెయిట్ చివరికి వచ్చినా చేరకపోతే పెంచండి.

గుర్తుంచుకోండి: ముందు 10ని 11 చేస్తే, వెనక 60లోంచి ఐదారు పళ్ళు తీసేసినట్టే. పెద్ద మార్పుకి ముందుది, చిన్న సవరణకి వెనకది.

"దాదాపు సరిపోతుందిలే" అనే మాటను ఇంట్లో వదిలేసి రండి. 35 నంబర్ చైన్ పిచ్ 9.525 మిల్లీమీటర్లు, బైక్ 428 చైన్‌ది 12.7. ఒకదాని స్ప్రాకెట్ మీద ఇంకోటి కూర్చోదు. సుత్తితో కొట్టినా కూర్చోదు, కొట్టి చూసినవాళ్ళు నాకు తెలుసు. క్లచ్ బుష్‌కి ఒక్క చుక్క ఆయిల్ చాలు, షూస్ మీద పడకూడదు. చైన్‌కి గార్డు లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. జుట్టు, చున్నీ, షర్టు అంచు, అన్నీ కట్టేశాకే ఎక్కాలి. ఇందులో బేరాల్లేవు.

ఆ నీలం తిరిగిన డ్రమ్ము తర్వాత నేను అరవై వేసుకున్నాను. మెకానిక్ అన్న ఒక్క మాట అనలేదు. నా నలభై పళ్ళ స్ప్రాకెట్‌ని మాత్రం తిరిగివ్వలేదు. సాసరంత ఉంటుందిగా, ఇప్పటికీ దాని మీదే టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు.