హారతి బటన్: చిన్న గుడి స్టేజీకి లైటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి?

ఓం నమః శివాయ.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల చూసినవాళ్లకి కరెంటు ప్రభల గురించి చెప్పక్కర్లేదు. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల ప్రభలు కొండ కింద బారులు తీరితే రాత్రి పగలైపోతుంది. అక్కడ వెలుగే మొక్కు. చిన్న గుడి ముందు భజన స్టేజీకి మాత్రం లైట్ల పని వేరు. అది నాకు తప్పు చేశాకే తెలిసింది.

మా ఊరి శివాలయంలో జాగారానికి లైట్లు నేనే చూస్తానన్నా. ఎనిమిది ఎల్ఈడీ పార్ లైట్లు, నా లాప్‌టాప్. రంగులు పరిగెత్తే ఎఫెక్టులు బోలెడు చేసిపెట్టుకున్నా. తీరా హారతి టైముకి అవి ఆపే బటన్ దొరకలేదు. గర్భగుడి గడప మీద ఎరుపు, నీలం గంతులు. "హారతి కనపళ్లేదురా" అంది నాయనమ్మ. అంతే, ఇంకేం అనలేదు. దానికోసమే ఆవిడ రాత్రంతా మేలుకుంది.

మళ్లీ ఏడాదికి ముందే రెండు ప్రశ్నలు వేసుకున్నా. హారతికి లైట్లు ఒక్క నొక్కుతో తగ్గుతాయా? నేను ఊళ్లో లేకపోతే ఎవరైనా నడపగలరా?

ముందు లెక్క చూద్దాం. ఈ లైట్లు డీఎంఎక్స్512 పద్ధతిలో పనిచేస్తాయి. 1986 నాటిది. ఒక లైనుకి 512 ఛానెళ్లు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా విలువ. మా లైటుకి నాలుగు ఛానెళ్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మొత్తం వెలుగు. ఎనిమిదింటికి 32 చాలు. పెద్ద కచేరీల సాఫ్ట్‌వేర్ మనకి అక్కర్లేదు.

నేను క్యూఎల్‌సీ ప్లస్ తీసుకున్నా. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్, రాస్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. అందులో వర్చువల్ కన్సోల్ మీద నాలుగే బటన్లు పెట్టా: భజన, ప్రవచనం, హారతి, అన్నీ ఆపు. హారతి నొక్కితే మూడు సెకన్లలో స్టేజీ మెల్లగా చీకటవుతుంది. ఆపరేట్ మోడ్‌లో ఉంచితే సెట్టింగులు పొరపాటున చెదరవు. మెట్ల దగ్గర బల్బు మాత్రం వేరే స్విచ్ మీదే ఉండాలి.

సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బు యూఎస్‌బీ డీఎంఎక్స్ అడాప్టర్ మీద పెట్టండి. చౌక రకాల్లో టైమింగ్ అంతా లాప్‌టాపే చూసుకోవాలి. దానికి వేరే పని తగిలితే లైట్లు మిణుకుమిణుకుమంటాయి. సొంత ప్రాసెసర్ ఉన్నది కొనండి. చివరి లైటుకి 120 ఓమ్‌ల టెర్మినేటర్ మర్చిపోవద్దు.

ఆ శివరాత్రికి బటన్లు నొక్కింది పూజారిగారబ్బాయి, ఇంటర్ చదువుతున్నాడు. నేను నాయనమ్మ పక్కన కూర్చున్నా. స్టేజీ చీకటైంది. కర్పూరం ఒక్కటే వెలిగింది. "చేదుకో కోటయ్యా" అంటూ ఆవిడ చేతులెత్తింది. చేదుకో అంటే బావిలో నీళ్లు తోడుకున్నట్టు నన్ను పైకి లాక్కో అని. లైట్లు ఎవరు పెట్టారో ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు. నాక్కూడా.

మీ గుడికి పెట్టేటప్పుడు ముందు హారతి బటన్ చేయండి. ఎఫెక్టులు తర్వాత.

హర హర మహాదేవ!