మూడు చక్రముల మోటారుబండి

పాతబడినదని మనము పారవైచు వస్తువులన్నియు నిరుపయోగములు కావు. చినిగిన చీర బొంత యగును. విరిగిన నాగలి మేడి పశువుల కొట్టమునకు గుంజ యగును. పల్లెజనులకు ఈ పొదుపు పుట్టుకతో వచ్చిన విద్య. యంత్రములు వచ్చిన పిమ్మటను ఆ విద్య నశింపలేదు. కామారెడ్డి జిల్లాలో మంజీర నదికి చేరువనున్న బాన్సువాడనే చూడుడు. 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము ఈ సీమను వరిపొలములతో నింపినది. పొలములున్నచోట ట్రాక్టర్లు, ట్రాలీలు, ఆటోలు ఉండక తప్పదు. అవి ఉన్నచోట మరమ్మతు షెడ్డులును ఉండును. ఒక బండినుండి విప్పిన భాగము వేరొక బండికి ప్రాణము పోయుట అట్టి షెడ్డులలో నిత్యమును జరుగు పనియే.

అట్లయిన, రూపుచెడిన ఒక పాత కారును కొనితెచ్చి, దాని భాగములతో మూడు చక్రముల కారును ఇంటియొద్దనే నిర్మింపవచ్చునా? నిర్మించినచో అది క్షేమముగా నడచునా? మొదటి ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పును. రెండవదానికి సమాధానము చెప్పుటకు లెక్క కావలెను.

స్వయంచోదిత వాహనముల చరిత్ర మూడు చక్రములతోనే ప్రారంభమైనది. 1769లో ఫ్రాన్సు దేశపు సైనిక ఇంజనీరు నికొలా క్యూన్యో ఫిరంగులను లాగుటకై ఆవిరిబండిని నిర్మించెను. దానికి ముందు ఒక చక్రము, వెనుక రెండు చక్రములు. పిమ్మట 1886వ సంవత్సరము జనవరి 29వ తేదీన జర్మనీలో కార్ల్ బెంజ్ పెట్రోలు ఇంజనుతో నడచు బండికి పేటెంటు కోరెను. అదియు మూడు చక్రములదే. ముందరి రెండు చక్రములను ఒకేసారి సరియైన కోణములలో త్రిప్పు ఏర్పాటు అప్పటికి ఆయనకు తృప్తికరముగా కుదరలేదు. ఒంటిచక్రమును త్రిప్పుట సులభము. కావున ఆయన ముందు ఒక చక్రముతోనే సరిపుచ్చుకొనెను. 1888లో ఆయన భార్య బెర్తా ఇరువురు కుమారులతో అట్టి బండిపై నూరు కిలోమీటర్లకు మించిన దూరము ప్రయాణము చేసి, ఆ యంత్రము నమ్మదగినదని లోకమునకు చాటెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా ఆమె తన టోపీసూదితోనే దానిని శుభ్రపరచుకొనెను.

ఇంటియొద్ద నిర్మించిన మూడు చక్రముల కారునకు ఇంగ్లండులోని మాల్వెర్న్ పట్టణము ప్రసిద్ధి కెక్కినది. అచట హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ అను యువకుడు 1909లో మోటారుసైకిలు కొఱకు కొనిన రెండు సిలిండర్ల ప్యూజో ఇంజనును తీసికొని, ఉక్కుగొట్టముల చట్రమునకు బిగించెను. ముందు రెండు చక్రములు, వెనుక ఒకటి. ఈ పనిలో ఆయనకు తోడ్పడినవాడు మాల్వెర్న్ కళాశాలలోని ఇంజనీరింగు ఉపాధ్యాయుడు. మరుసటి సంవత్సరము ఆ బండి లండనులోని ఒలింపియా ప్రదర్శనమున నిలిచెను. ఒక పడుచువాని అభిరుచినుండి పుట్టిన ఆ కర్మాగారము నాలుగు దశాబ్దులకు పైగా మూడు చక్రముల కార్లను తయారుచేసెను. 2011లో వాని నిర్మాణమును మరల చేపట్టెను.

మన దేశమునను ఇట్టి నేర్పునకు కొదువ లేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప సైన్యము వదలిన హార్లీ డేవిడ్‌సన్ మోటారుసైకిళ్ళను ఢిల్లీ పనివారు కొని, ముందరి భాగమును ఉంచి, వెనుక రెండు చక్రములతో ప్రయాణికుల పెట్టెను అమర్చిరి. అవి చేయు చప్పుడును బట్టి జనులు వానిని ఫట్‌ఫటీలని పిలిచిరి. కాలక్రమమున వాని పొగ నగరమునకు పీడ కాగా 1998 ప్రాంతమున అవి వీథులనుండి తొలగింపబడెను.

తెలుగుసీమలో ఈ విద్యకు పేరుపడినవారు హైదరాబాదు నివాసి కన్యబోయిన సుధాకర్. చిన్ననాటినుండియే ఆయనకు బండ్లు తయారుచేయుటయం దాసక్తి. తుక్కుసామాను సేకరించి వంకాయ, కెమెరా, ఎత్తుమడమ చెప్పు మొదలగు ఆకారములలో ఆయన నిర్మించిన వాహనములు కేవలము బొమ్మలు కావు, ఇంజనుతో నడచును. 2010లో బహదూరుపురాలో ప్రారంభమైన సుధా కార్ల ప్రదర్శనశాలలో వానిని ఉంచిరి. 2005వ సంవత్సరము జూలై 1వ తేదీన ఆయన హైదరాబాదులో తొక్కి నడపిన మూడు చక్రముల సైకిలు ఎత్తు 12.67 మీటర్లు, దాని ముందు చక్రపు వ్యాసమే 5.18 మీటర్లు. ప్రపంచములోకెల్ల పెద్దదిగా అది గిన్నిసు గ్రంథమున నమోదయ్యెను.

ఇక పాత కారునుండి మూడు చక్రముల కారును నిర్మించు విధానమును పరిశీలింతము. మొదటి పని తగిన పాత బండిని ఎన్నుకొనుట. అంబాసిడరు కారునకు ఇంజను ముందున్నను, అది త్రిప్పునది వెనుక చక్రములను. వెనుక ఒంటిచక్రమును పెట్టదలచినవానికి అది అనుకూలము కాదు. 1983లో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు, త్రిప్పుడు చక్రములు అన్నియు ముందుభాగముననే కలవు. ఆ ముందుభాగమును ఉన్నది ఉన్నట్లుగా నిలుపుకొని, వెనుక ఒక చక్రమును అమర్చిన చాలును. ముందు పనిలో సగము కర్మాగారమే చేసిపెట్టినట్లయినది.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. లారీకి వలె ఈ కారునకు వేరుగా చట్రము లేదు. రేకులతో అతికిన ఒడలే దానికి వెన్నెముక. ఆ ఒడలిని కోసినచో బలము పోవును. కావున ఉక్కుగొట్టములతో క్రొత్త చట్రమును వెల్డింగు చేసి, పాత ముందుభాగమును దానికి బిగింపవలయును. వెనుక చక్రమునకు రెండు బలమైన చేతులు, స్ప్రింగు, షాకబ్జార్బరు అమర్పవలయును. పాత కారులోని చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును. కాబట్టి వెనుక చక్రపు బ్రేకు డ్రమ్మును, చేతిబ్రేకు తీగను విడువరాదు.

పాతదానిలో వాడదగినదియు కలదు, వాడరానిదియు కలదు. ఇంజనును, గేరుపెట్టెను విప్పి శుభ్రపరచి వాడవచ్చును. తుప్పు తినిన రేకును వాడరాదు. బ్రేకు నూనె పారు రబ్బరు గొట్టములను తప్పక మార్పవలయును. స్టీరింగు కడ్డీలను కోసి అతుకుట మిక్కిలి ప్రమాదకరము. మలుపులో ఆ అతుకు ఊడినచో నడుపువాని చేతిలో చక్రము మాత్రమే మిగులును.

ఇప్పుడు అసలు లెక్కకు వత్తము. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలపై కదలక నిలుచును. నాలుగుకాళ్ళ మంచము కుంటును. అయినను ముక్కాలిపీట అంచున కూర్చున్నవాడు పడుటయు సులభమే. మూడు చక్రముల బండి గుణమును, దోషమును ఈ పీటలోనే ఉన్నవి.

బండి బరువంతయు ఒక బిందువున చేరినట్లు భావింపవచ్చును. ఆ బిందువునకు గరిమనాభి యని పేరు. చక్రములు నేలను తాకు బిందువులను గీతలతో కలిపిన నాలుగు చక్రముల బండికి దీర్ఘచతురస్రము, మూడు చక్రముల బండికి త్రిభుజము ఏర్పడును. ముందరి చక్రముల నడుమ దూరము 120 సెంటీమీటర్లు, ముందు ఇరుసునుండి వెనుక చక్రమునకు 200 సెంటీమీటర్లు అనుకొందము. నాలుగు చక్రముల బండిలో మధ్యరేఖనుండి ప్రక్క అంచునకు అంతటను 60 సెంటీమీటర్లు ఉండును. మూడు చక్రముల బండిలో గరిమనాభి ముందు ఇరుసునకు 50 సెంటీమీటర్ల వెనుక నున్నచో ప్రక్క అంచునకు ఉండు దూరము 45 సెంటీమీటర్లు. 100 సెంటీమీటర్ల వెనుక నున్నచో 30. 150 సెంటీమీటర్ల వెనుక నున్నచో 15 మాత్రమే. మలుపులో బండి బొర్లపడకుండ కాపాడునది ఈ దూరమే. ఇది తగ్గిన కొలదియు, గరిమనాభి నేలనుండి ఎత్తైన కొలదియు అపాయము పెరుగును. కనుక ఇట్టి కారులో బరువంతయు ముందు చక్రములకు చేరువగను, నేలకు దగ్గరగను ఉండవలయును. వెనుక భాగమున ఇరువురు స్నేహితులను ఎక్కించుకొనినవాడు తన లెక్కను తానే చెరిపివైచుకొనినవాడగును.

ఆటోకు ముందు ఒకటే చక్రము. మలుపులో గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకును, ప్రక్కకును త్రోయబడును. అచట త్రిభుజము ఇరుకై యుండుటచే బండి ఒరుగు భయము హెచ్చు. ముందు రెండు చక్రములున్నచో ఆ వైపున త్రిభుజము వెడల్పైయుండును. మోర్గన్ బండి అమరికలోని మేలు ఇదియే. విద్యార్థులు దీనిని చిన్న చెక్కబొమ్మతో పరీక్షింపవచ్చును. మూడు చక్రముల బొమ్మపై రాతిని ఒకసారి ముందును, ఒకసారి వెనుకను కట్టి, పలకపై అడ్డముగా నిలిపి, జారకుండ క్రింది చక్రములకు సన్నని బద్దను అడ్డుపెట్టి, పలకను మెల్లగా ఎత్తిన ఏది ముందు పడునో కన్నులారా కాననగును.

నిర్మించిన బండిని వెంటనే రోడ్డెక్కింపవచ్చునా? కూడదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, నిర్మాత తెలిపిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. రిజిస్ట్రేషను లేని బండిని బహిరంగ స్థలమున నడపుటయు నేరమే. క్రొత్త నమూనా వాహనమును అధికార సంస్థలు పరీక్షించిన పిమ్మటనే దానికి అనుమతి లభించును. ఈ నిబంధనలు నేర్పరుల చేతులు కట్టివేయుటకు ఏర్పడినవి కావు. రోడ్డు అందరిది. బండి చేసినవాడు తన ప్రాణమునకు తెగించినను, ఎదురుగా సైకిలుపై వచ్చు బాలుని ప్రాణమును పణముగా పెట్టుటకు వానికి హక్కు లేదు.

తుక్కుకుప్ప ఇంజను నిచ్చును, చక్రముల నిచ్చును, ఇనుమునిచ్చును. లెక్కను మాత్రము ఈయజాలదు. దానిని మనుష్యుడు చదువువలన, ఓర్పువలన, అనుభవజ్ఞుల సాహాయ్యమువలన సంపాదింపవలయును. మోర్గన్ ఒక ఉపాధ్యాయుని ప్రక్కన నిలిచి పని నేర్చెను. చేతిలో పనితనము, మనస్సులో శాస్త్రము, హృదయములో పరుల క్షేమము ఈ మూడును కూడినప్పుడే మూడు చక్రముల బండి నిలుకడగా నడచును.

ప్రశ్నలు

1. కార్ల్ బెంజ్ తన బండికి మూడు చక్రములనే అమర్చుటకు కారణమేమి?
2. మూడు చక్రముల కారు నిర్మాణమునకు మారుతి 800 ఏల అనుకూలము? అందలి చిక్కు ఏది?
3. పాఠములోని కొలతలనే తీసికొని, గరిమనాభి ముందు ఇరుసునకు 80 సెంటీమీటర్ల వెనుక నున్నచో ప్రక్క అంచునకు ఎంత దూరముండునో కనుగొనుడు.
4. “రోడ్డు అందరిది” అను మాటను మీ ఊరి ఉదాహరణములతో వివరింపుడు.