తప్పిన గడియారము

ఒక యేడు వేసవి సెలవుల పిదప మా పాఠశాల తెరచిన దినమే ఉపకారవేతనపు దరఖాస్తులకు కడపటి దినము. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె దరఖాస్తు పంపవలసి యుండెను. లైనక్సు కంప్యూటరును తెరచితిమి. దరఖాస్తు పుటకు బదులు, ఈ సైటు సురక్షితము కాదను హెచ్చరిక కనబడెను. మేమెల్లరము నెట్‌వర్కును నిందించుచుండగా, ఆ బాలిక తెర మూలను చూపి, "మాస్టారూ, ఇందు నాలుగేండ్ల నాటి తేదీ యున్నదండీ!" అనెను.

కంప్యూటరునందు రెండు గడియారములు కలవు. మొదటిది మదర్‌బోర్డు మీద నుండును. నాణెమువంటి చిన్న బ్యాటరీ బలముచే, యంత్రము నాపివేసినను అది నడచుచుండును. రెండవది లైనక్సు నడుపునది. అది 1970 జనవరి 1 మొదలుకొని గడచిన సెకండ్లను లెక్కించును. యంత్రము మేల్కొనగానే రెండవది మొదటిదానివలన కాలము తెలిసికొనును. బ్యాటరీ క్షీణించినచో మొదటిది తప్పును. దానిని నమ్మిన రెండవదియు తప్పును.

సురక్షితమైన ప్రతి సైటును ఒక ధ్రువపత్రమును చూపును. దానికి ఆరంభదినము, అంత్యదినము కలవు. నాలుగేండ్లు వెనుకబడిన మా యంత్రము, ఆ పత్రము చెల్లుబాటగు దినమింకను రాలేదని తలచి దానిని నిరాకరించెను. పత్రము మంచిదే; తప్పు మా గడియారమునందే కలదు.

టెర్మినల్ తెరచి 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని టైపు చేయగా, రెండు గడియారముల కాలమును, కాలమండలమును కనబడెను. మండలము 'ఆసియా/కోల్‌కతా' అని సరిగనే యున్నది. కాని నెట్ ద్వారా కాలము సరిచూచుకొను ఏర్పాటు ఆపివేయబడి యుండెను. ఆ మాటకే 'సెట్-ఎన్‌టీపీ ట్రూ' అని చేర్చి యాజ్ఞాపింపగా, యంత్రము కాలము తెలుపు సర్వరు నడిగి తన్ను తాను దిద్దుకొనెను. ఈ పద్ధతిని 1985లో డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించెను. పుట తెరచుకొనెను, సాయంకాలమునకు ముందే దరఖాస్తు చేరెను.

మరునాడు మూడు వోల్టుల క్రొత్త బ్యాటరీని అమర్చి, 'హెచ్‌డబ్ల్యూక్లాక్' అను ఆజ్ఞచే సరియైన కాలమును మొదటి గడియారమునకు నెక్కించితిమి.

వేరొక తప్పును కలదు. భారతకాలము విశ్వకాలమునకు ఐదున్నర గంటలు ముందుండును. భేదము సరిగా అంతియే యైనచో బ్యాటరీని నిందింపరాదు; కాలమండలమును చూడవలెను. లైనక్సు మొదటి గడియారమును సాధారణముగా విశ్వకాలమున నుంచును. విండోస్ స్థానిక కాలమున నుంచును. ఒకే యంత్రమున రెండును ఉన్నచో ఈ తగవు పుట్టును.

ఎంత తప్పినదో చూచినవానికే ఎందుకు తప్పినదో తెలియును. ఆనాడు మాకందరకు ఆ పాఠమును నేర్పినది ఆ బాలికయే.

ప్రశ్నలు

1. కంప్యూటరులోని రెండు గడియారములకు గల భేదమేమి?
2. సైటు పత్రమును యంత్రము ఏల నిరాకరించెను?
3. భేదము ఐదున్నర గంటలైనచో ఏమి పరీక్షింపవలెను?